ఇంటర్నెట్టు పేళ్ల పట్టిక: సత్యము, గోప్యము



వస్తువునకు పేరు పెట్టుట యొక పని. ఆ పేరు ఎవరిదో వ్రాసి యుంచుట వేఱొక పని. మొదటిది కవులకును, తలిదండ్రులకును చేతనగును. రెండవ దానికి కరణము కావలెను. నేఁటి ప్రసంగమున నేను చెప్పఁబోవునది ఈ రెండవ పనిని గూర్చి. ఇంటర్నెట్టులో ప్రతి వెబ్‌సైటునకును ఒక పేరు కలదు. దానిని డొమైన్ నామమందురు. ఆ పేరు తీసికొన్నవాఁడు తన పేరును, చిరునామాను, ఫోను నంబరును, ఈమెయిలును ఒక పట్టికలో వ్రాయింపవలెను. ఆ వ్రాఁత నిజమై యుండవలెనా? నిజమైనచో దానిని లోకమునకెల్ల చూపవలెనా? ఈ ప్రశ్నలపై చిరకాలముగా వివాదము నడచుచున్నది. ఇది పట్టణపు యువకుల గొడవ, మనకేల యని మీరు తలంపవచ్చును. మీ పాఠశాలకు, పాల సంఘమునకు, దేవస్థానమునకు, మీ సొమ్ము దాఁచికొన్న బ్యాంకునకు ఇట్టి పేళ్లు కలవు. కావున ఈ పట్టిక మన గుమ్మముల దాఁక వచ్చియే యున్నది.

యంత్రములకు పేళ్లతో పని లేదు. ఇంటర్నెట్టుతో సంబంధము గల యంత్రమునకు ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యను బట్టియే ఒక యంత్రము మఱియొక యంత్రమును వెదకికొనును. మనుష్యులకు అంత పొడుగు సంఖ్యలు జ్ఞాపకముండవు గనుక పేళ్లు పుట్టినవి. మొదటి దినములలో అమెరికాలో ఆర్పానెట్ అను చిన్న వల యుండెను. దానిలోని యంత్రముల పేళ్లన్నియు ఒకే జాబితాగా కాలిఫోర్నియాలోని మెన్లో పార్కున ఒక పరిశోధన సంస్థలో ఉంచిరి. ఎలిజబెత్ ఫైన్లర్ అను విదుషి ఆ కార్యాలయమునకు పెద్ద. క్రొత్త పేరు కావలసినవారు ఆ కార్యాలయమునకు తెలియఁజేయుదురు. వారు జాబితాలో చేర్చుదురు. అంతే. జాబితా పెరిగి మోయరాని భారము కాఁగా, 1983లో పాల్ మొకపెట్రిస్ అను నాతఁడు శాఖోపశాఖలుగా విస్తరించు నామవ్యవస్థను కల్పించెను. మనము నేఁడు చూచు .కామ్, .ఆర్గ్ మొదలగు తోఁకలు అటుపిమ్మట వచ్చినవి.

దీనికి ఒక యేఁడు ముందుగా, అనఁగా 1982లో, ఆ కార్యాలయమువారే మఱియొక యేర్పాటు చేసిరి. ఆ వలను వాడుకొనువారు తమ పూర్తి పేరును, తపాలా చిరునామాను, టెలిఫోను సంఖ్యను, ఈమెయిలును తమకు తెలుపవలసినదని కోరిరి. ఎవరైనను ఒక పేరు వ్రాసి యడిగినచో యంత్రము ఈ వివరములను జూపును. ఆ యేర్పాటునకు పెట్టిన పేరు ‘హూయిజ్’. ‘ఎవఁడు?’ అని దాని యర్థము. వేదమున ‘కః’ అను ప్రశ్నార్థక పదమే ప్రజాపతికి నామమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ తరువాత ప్రశ్నార్థకమునకు ఇంతటి పదవి వచ్చుట నా యెఱుకలో ఇదియే.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. ఆ పట్టిక పుట్టిన దినములలో దానిలోనివారు విశ్వవిద్యాలయముల పండితులు, ప్రభుత్వ పరిశోధకులు. ఒకరి నొకరు ఎఱిఁగినవారు, లేదా ఎఱిఁగినవానిని ఎఱిఁగినవారు. యంత్రము చెడినచో ఎవరికి ఫోను చేయవలెనో తెలియుటకే ఆ పట్టిక. చిన్న యగ్రహారమున ఎవరి యిల్లు ఎక్కడనో అందఱకును తెలిసియుండును. దానివలన కీడు లేదు సరికదా, నిప్పంటుకొన్నప్పుడు మేలు. కాని అగ్రహారము జాతర యైనది. 1995 వఱకు ఊరకనే యిచ్చిన పేళ్లకు ఆ యేఁడు రుసుము పెట్టిరి. సంవత్సరమునకు 50 డాలర్లు. 1998లో ఐకాన్ అను సంస్థ కాలిఫోర్నియాలోనే యేర్పడి నామవ్యవస్థ పైవిచారణను చేపట్టెను. మఱుసటి యేఁటినుండి రిజిస్ట్రారులు అనఁబడు వర్తకులు పెక్కురు పోటీపడి పేళ్లమ్మసాగిరి. నేఁడు ప్రపంచమున 35 కోట్లకు మించి డొమైన్ నామములు కలవు. ఇంత పెరిగినను పట్టికలోని నియమము మాత్రము అగ్రహారపు నియమముగనే నిలిచెను: పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, అన్నియు బట్టబయలు.

పట్టిక అబద్ధమైనను, పట్టికను కాచువాఁడు అశ్రద్ధుఁడైనను ఏమి జరుగునో తెలుపుటకు ఒక వ్యాజ్యము కలదు. 1994లో గ్యారీ క్రెమెన్ అను అమెరికా దేశీయుఁడు ఒక పేరు తీసికొనెను. ఆ పేరు రేడియోలో పలుకఁదగినది కాదు. ఆంగ్లమున మూఁడక్షరముల మాటకు.కామ్ చేర్చినది. మఱుసటి యేఁడు స్టీఫెన్ కోహెన్ అను వంచకుఁడు నాఁటి రిజిస్ట్రారునకు ఒక దొంగ యుత్తరమును చేర్చెను. క్రెమెన్ యొక్క సంస్థ ఆ పేరును తనకు వదలివేసినదని ఆ యుత్తరపు సారాంశము. సంస్థకు ‘ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్’ అని పేరు. తమకు ఇంటర్నెట్టు సంబంధము లేదు గనుక ఈ మార్పును తమ పక్షమున కోహెనే తెలుపవలసినదని ఆ యుత్తరమున వ్రాసియుండెను! ఇంటర్నెట్టు వ్యాపారము చేయు సంస్థకు ఇంటర్నెట్టు లేదఁట. ఇంత వింత చూచియు రిజిస్ట్రారు పేరును మార్చివేసెను. క్రెమెన్‌ను సంప్రతించి ‘ఇది నిజమా?’ అని యొక్క మాటయైన నడుగలేదు. క్రెమెన్ ఐదేండ్లు పోరాడి 2000లో పేరును మరలఁబొందెను, కోహెన్ 6.5 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని 2001లో తీర్పు వచ్చెను. కోహెన్ మెక్సికోకు పాఱిపోయెను. సొమ్ము రాకపోఁగా క్రెమెన్ రిజిస్ట్రారుపైన కూడ దావా వేసెను. డొమైన్ నామము కూడ సొత్తేయనియు, ఒకరి సొత్తును మఱియొకరి కిచ్చివేసినవాఁడు దానికి జవాబుదారి కావచ్చుననియు 2003లో అమెరికా అప్పీలు న్యాయస్థానము చెప్పెను. పొలము దస్తావేజు విషయమున మనకు ఎన్నఁడో తెలిసిన న్యాయమే.

కావున పట్టిక నిజమై యుండవలెను. దీనికి ఎవరును కాదనరు. చిక్కంతయు నిజమును చాటింపు వేయుటలో నున్నది.

మా మేనకోడలు 2016లో ఊరగాయలు, అప్పడములు అమ్ముటకు ఒక .కామ్ పేరు తీసికొన్నది. భర్త పొలముపని చూచుకొనును. ఈమె యింటనుండియే వ్యాపారము నడపును. అడిగిన వివరములన్నియు ఉన్నవి యున్నట్లు వ్రాసినది. మఱునాఁటి యుదయమునుండి ఫోను మ్రోగసాగెను. ‘మీ వెబ్‌సైటు మేము చేసిపెట్టుదుము’ అని కొందఱు, ‘మీ పేరును మొదటి వరుసలో నిలిపెదము’ అని కొందఱు, అప్పిత్తుమని మఱికొందఱు. పది దినములు ఇదే వరుస. ఇంతవఱకైనను ఓర్చికొనవచ్చును. ఆడుదాని పేరును, ఊరును, ఇంటి నంబరును చూచిన వాఁడెవఁడో రాత్రి పదకొండు గంటలకు ఫోను చేయసాగెను. మా యల్లుఁడు రెండు రాత్రులు చూచి, మూఁడవనాఁడు పట్టికలోని ఫోను నంబరులో ఒక అంకె మార్చి వేసెను. చిరునామాలో వీథి పేరు కూడ మార్చెను. నేను నలువది యేండ్లు పిల్లలకు సత్యమును గూర్చి పాఠము చెప్పినవాఁడను. అయినను ఆతని నొక్క మాట యనలేకపోయితిని.

ఆతఁడు చేసినదే లోకమున లక్షలమంది చేసిరి. 2005లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీ కార్యాలయము పరీక్షించి చూడఁగా .కామ్, .నెట్, .ఆర్గ్ పేళ్లలో 23 లక్షలకు పైగా, అనఁగా నూటికి ఐదు చొప్పున, చూడఁగనే తెలియునంతటి బొంకు వివరములతో నున్నవని తేలినది. ఫోను నంబరు అంతయు తొమ్మిదులే వ్రాసినవారును కలరు! వారందఱు దొంగలని నేను నమ్మను. దొంగలు కొందఱు నిశ్చయముగ నున్నారు. వారు ఇంకను నేర్పుగా, పరుల పేళ్లు పెట్టి వ్రాయుదురు. తక్కినవారిలో మా యల్లునివంటివారు ఎందఱో. నిజము చెప్పినవానికి శిక్ష, బొంకినవానికి నిద్ర కలిగించు పట్టికలో నిజము నిలుచునా?

వ్యాపారులు దీనికి ఒక యుపాయము కనిపెట్టిరి. రుసుము చెల్లించినచో తమ పేరును పట్టికలో వ్రాయించి, అసలువాని పేరును తమయొద్ద దాఁతురు. ముసుగు సేవ యనుకొనుఁడు. ధనము గలవాఁడు ముసుగు కొనెను. లేనివాఁడు బయట నిలిచెను. మనిషి మానమునకు ఏఁటేఁట చందా కట్టవలసి వచ్చుట నాకు రుచింపలేదు.

పిదప 2018 మే 25న ఐరోపా దేశముల కూటమి వ్యక్తుల వివరములను కాపాడు కఠిన శాసనమును అమలుపఱచెను. దానిని జీడీపీఆర్ అందురు. అతిక్రమించిన సంస్థకు రెండు కోట్ల యూరోలు గాని, లోకమంతటి వ్యాపారములో నూటికి నాలుగు వంతులు గాని, ఏది యెక్కువయో అంతవఱకు జరిమానా. అంతవఱకు పుష్కరకాలము చర్చలతో గడపిన ఐకాన్‌వారు ఎనిమిది దినములు ముందుగా, మే 17న, తాత్కాలిక నియమము గావించిరి. దానితో ప్రపంచమంతట పట్టికలోని పేళ్లు, ఫోనులు, ఇంటి చిరునామాలు మఱుఁగునఁ బడెను. ఆ గదులలో ‘గోప్యతకై తొలగింపఁబడినది’ అను మాట వచ్చి కూర్చుండెను. దేశము పేరు, రాష్ట్రము పేరు మాత్రము కనఁబడును. శాసనము ఐరోపావారిది, దాని నీడ మా మేనకోడలి యింటిమీఁద కూడ పడినది. ఆమె ఫోను నిమ్మళించినది.

జర్మనీ దేశపు రిజిస్ట్రారొకఁడు ఇంకొక యడుగు ముందుకు వేసి, పేరు గలవాని వివరములు చాలును, నిర్వాహకుఁడు, యంత్రజ్ఞుఁడు అని మఱి యిద్దఱి వివరములు మే మడుగమనెను. ఐకాన్ వారు బాన్ నగర న్యాయస్థానమున కెక్కిరి. 2018 మే నెల తుదిని న్యాయస్థానము ఐకాన్ కోరికను త్రోసివేసెను. మూఁడుచోట్లను ఒకే మనిషి వివరములు ఇచ్చుట ఇంతవఱకు చెల్లుచునే యున్నది గదా, అట్లైన తక్కిన రెండును అవసరమెట్లగునని న్యాయస్థానము ప్రశ్నించెను. అక్కఱలేనిది అడుగరాదను నీతి చిన్నదిగాఁ దోఁచును గాని, మన కార్యాలయములలో ఫారములు నింపినవారికి దాని విలువ తెలియును. 2025 ఆగస్టు 21 నుండి ఐకాన్ నియమములలోనే నిర్వాహకుని గది తీసివేయఁబడినది.

అయితే మఱుఁగు మేలేనా? దొంగ సైటులను వెదకి పట్టువారు, రక్షకభటులు, వర్తకచిహ్నములు గల సంస్థలు 2018 నుండి మొఱపెట్టుచున్నారు. పూర్వము ఒక మోసపు పేరు దొరకినచో, అదే ఫోనుతో, అదే ఈమెయిలుతో ఆ వంచకుఁడు తీసికొన్న తక్కిన పేళ్లన్నియు పట్టికనుండియే పట్టుకొనుచుండిరి. వంచకుఁడు బొంకు వ్రాసినను ఒకే బొంకును పదిమార్లు వ్రాయును. ఆ బొంకే వానికి పాదముద్ర. ఇప్పుడు ఆ ముద్ర కానరాదు. ఈ మొఱలో న్యాయము లేకపోలేదు. అందులకే 2023 నవంబరులో ఐకాన్ వారు తగిన కారణము చూపి వివరములు కోరుటకు ఒక విన్నపముల యేర్పాటు చేసిరి. కాని విన్నపము పంపినను ఈయవలెనో లేదో నిర్ణయించునది రిజిస్ట్రారే.

ఇక్కడనే ఐరోపావారు నాకు మెచ్చుఁదగినవారుగాఁ దోఁచిరి. పట్టికను మూయించినవారు వారే. 2022 డిసెంబరులో వేఱొక శాసనము చేసి పట్టిక నిజముగా నుండవలెనని కట్టడి చేసినవారును వారే. ఎన్‌ఐఎస్-2 అని దాని పేరు. దాని ప్రకారము పేళ్లిచ్చువారు వివరములను సరిచూడవలెను. వ్యక్తులకు సంబంధింపని వివరములను బయటపెట్టవలెను. చట్టసమ్మతమైన కారణముతో అడిగినవారికి 72 గంటలలో జవాబీయవలెను. పైకి ఒకదానికొకటి విరుద్ధముగాఁ గనఁబడు ఈ రెండు శాసనములును ఒకే మాటకు రెండు పాదములు. వివరము దాఁగియుండును గనుకనే మనిషి నిజము వ్రాయును. నిజము వ్రాసి యుండును గనుకనే దానిని దాఁచుటలో దోషము లేదు. మన సబ్ రిజిస్ట్రారు కార్యాలయమును చూడుఁడు. పొలము ఎవరిదో, దానిపై తాకట్టు గలదో లేదో తెలిసికొనఁగోరినవాఁడు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ధ్రువపత్రము పొందును. అందులకై ఆసామి ఫోను నంబరును చావడి గోడపై వ్రాయనక్కఱ లేదు గదా.

దాఁగిన పట్టికలో ఒక యపాయము మాత్రము క్రొత్తది కలదు. పూర్వము పట్టిక బయట నుండెను గనుక, అందులో మన పేరే యున్నదో మఱియొకని పేరున్నదో ఎవఁడైనను చూచి చెప్పఁగలిగెను. ఇప్పుడు మనమే శ్రద్ధతో తెలిసికొనవలెను. మా గ్రామ గ్రంథాలయమునకు 2014లో ఒక .ఆర్గ్ పేరు తీసిరి. పట్టణమున కంప్యూటరు దుకాణము నడపు నొక యువకుఁడు ఆ పని చేసిపెట్టెను. మంచివాఁడే. కాని పేరు గల గదిలో తన పేరే వ్రాసికొనెను, ఈమెయిలు తన దుకాణముది, ఫోను తనది. గ్రంథాలయ సంఘమువా రెవ్వరును అడుగలేదు. మా పాఠశాల నూఱేండ్ల చరిత్రయు, పూర్వవిద్యార్థుల జ్ఞాపకములును, గ్రామమున దొరకిన తాళపత్ర గ్రంథముల జాబితాయు ఆ సైటున నుంచిరి. నాలుగేండ్లకు ఆ యువకుఁడు దుకాణము మూసి మస్కట్ వెళ్లెను. పేరు గడువు తీరుటకు సుమారు నెల దినములు ముందొకటి, వారము ముందొకటి హెచ్చరికలు పంపవలెనని నియమము కలదు. అవి వచ్చియే యుండును. ఎవరును తెఱవని పెట్టెలోనికి. గడువు తీరిన పిదప కూడ పేరును తుడిచివేయుటకు ముందు మఱి ముప్పది దినములు ఎక్కువ సొమ్ము కట్టి విడిపించుకొను నవకాశముండును. అదియు గడచిపోయెను. నేను సంఘములో చేరునాఁటికి ఆ పేరు ఎవరిచేతనో పడియుండెను. ఇప్పుడు దానిని తెఱచినచో పేకాట ప్రకటనలు కనఁబడును. బడిపిల్లలు మా చరిత్ర చదువుదమని తెఱచి జూదము చూచుచున్నారు. ఆ తాళపత్ర జాబితాను సిద్ధము చేసిన పండితుఁడు స్వర్గస్థుఁడై మూఁడేండ్లైనది. చేవ్రాఁత ప్రతి దొరకలేదు.

కావున మీలో ఎవరి సంఘమునకైనను, బడికైనను, గుడికైనను ఇట్టి పేరున్నచో, దానిని ఎవరు తీసిరో వారిని పిలిపించి యడుగుఁడు. ‘సంస్థ’ అను గదిలో సంఘము పేరున్నదా? అక్కడ సంఘము పేరు వ్రాసియున్నచో, ఐకాన్ నియమము ప్రకారము ఆ పేరునకు హక్కుదారు సంఘమే. ఈమెయిలు సంఘమునకు చెందినదేనా, దానిని తెఱచు సంకేతము ఇద్దఱికైనను తెలియునా? సంవత్సరమున కొకసారి ‘మీ వివరములు సరిగానున్నవా?’ అని రిజిస్ట్రారు ఒక లేఖ పంపవలెను. అది ఎవరికి చేరుచున్నది? క్రొత్తగా పేరు తీసినప్పుడు పదునైదు దినములలో ఈమెయిలు గాని ఫోను గాని సరియని ధ్రువపఱుపనిచో రిజిస్ట్రారు ఆ పేరును నిలిపివేయవచ్చును. వివరములు మారినచో ఏడు దినములలో తెలుపవలెను. బొంకు వివరములు ఇచ్చుట, అడిగినను సరిదిద్దకుండుట పేరును పోఁగొట్టుకొనుటకు తగిన కారణములు. ఇప్పుడు వివరములు మఱుఁగుననున్నవి గనుక భయపడి యబద్ధము వ్రాయవలసిన పని లేదు. మా యల్లుఁడు కూడ ఆ యంకెను, వీథి పేరును సరిదిద్దినాఁడు.

మన దేశపు తోఁక .ఇన్. దానిని నిక్సీ యను సంస్థ చూచుచున్నది. ఆ పేళ్లకు ముసుగు సేవలు పనికిరావు. అసలువాని పేరే వ్రాయవలెను. తెలుఁగు లిపిలోనే .భారత్ అను తోఁక కూడ కలదు. మన యక్షరములతో పేరు పెట్టుకొనవచ్చునని ఎందఱికి తెలియునో!

చివరకు, మన రాజధానులలో నొకటైన హైదరాబాదునకు సంబంధించిన సంగతి. దొంగ బ్యాంకు సైటుల బెడద మితిమీఱఁగా, రిజర్వు బ్యాంకువారు 2025 ఏప్రిలులో ఒక యుత్తరువు నిచ్చిరి. బ్యాంకులన్నియు ఆ సంవత్సరము అక్టోబరు 31లోగా .బ్యాంక్.ఇన్ అను తోఁక గల పేళ్లకు మారవలెను. ఆ పేళ్లిచ్చు నధికారము హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ యను సంస్థకు మాత్రమే యొసఁగిరి. ఆ సంస్థ బ్యాంకులకు తప్ప ఇతరులకు ఆ తోఁక నీయదు. అనఁగా పట్టికను విప్పి చూడకయే, పేరు గలవాఁడు బ్యాంకని పేరే సాక్ష్యము చెప్పును.

అయితే దానిని చదువుట తెలియవలెను. ఈ నామములు తత్పురుష సమాసములవంటివి, ఉత్తరపదమునకే ప్రాధాన్యము. ‘రాజపురుషుఁడు’ అనఁగా పురుషుఁడే గాని రాజు కాఁడు గదా. అట్లే వంచకుఁడు బ్యాంకు పేరును ముందు పెట్టి, వెనుక వేఱొక తోఁక తగిలించును. మీ ఫోనునకు బ్యాంకు పేరుతో ఏదైన సందేశము వచ్చినచో, అందలి పేరును తుదినుండి వెనుకకు చదువుఁడు. మొదటి ఒంటి వాలుగీఁతకు ముందు, చిట్టచివర, .బ్యాంక్.ఇన్ అని యున్నదా? లేనిచో దానిని తాఁకకుఁడు. బ్యాంకునకు స్వయముగా పోయి యడుగుఁడు.